నెబ్యులా ఫొటో మనమే తయారు చేద్దాం – 3వ పాఠం: నల్ల ఫైల్‌లోంచి వెలుగు లాగడం, తరవాత రంగు

పోయిన పాఠంలో హబుల్ అనే అంతరిక్ష టెలిస్కోప్ తీసిన నెబ్యులా ఫైళ్ళు దింపుకున్నాం కదా, అది అయ్యాక ఎక్కువమంది అడిగింది ఒకటే, అన్నా ఫైల్ దిగింది గానీ తెరిస్తే అంతా నల్లగా ఉంది, ఏవో నాలుగు చుక్కలు తప్ప ఏటీ లేదు, ఫైల్ పాడైందా అని. పాడవ్వలేదు బాబూ, అది అలాగే ఉంటాది. మీ దగ్గరున్నది ఇంకా ఫొటో కాదు, లెక్క. ఒక్కో పిక్సెల్ మీద ఎంత వెలుగు పడిందో ఆ నంబరు రాసుంది అంతే. నక్షత్రాల నంబరు బాగా పెద్దది, పక్కనున్న గ్యాస్‌ది బాగా చిన్నది, స్క్రీన్ ఏమో ఆ పెద్ద నంబరుని తెలుపు అనేసుకుని మిగతాదంతా చీకట్లోకి తోసేస్తాది. ఆ చిన్న నంబర్లని పైకి లాగడాన్నే స్ట్రెచ్ అంటారు, ఈరోజు పాఠంలో ముప్పావు భాగం అదే, రంగు కలపడం చివర్లో ఐదు నిమిషాల పని.

కొత్తగా చేరినోళ్ళకి ఒక్క ముక్క. నెబ్యులా అంటే అంతరిక్షంలో గ్యాస్, ధూళి మబ్బు. మనం పట్టుకున్నది ఈగిల్ నెబ్యులా, దానికే ఎం16 అని ఇంకో పేరు, సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరం. దాని నడిమధ్యలో ఉన్న మూడు గ్యాస్ స్తంభాల్ని 1995లో హబుల్ తీసిన ఫొటోతో లోకమంతా గుర్తుపట్టింది, జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు తీయించింది అది. 2014లో హబుల్ కొత్త కెమెరాతో మళ్ళీ తీసి 2015 జనవరిలో విడుదల చేశారు, మనం మాస్ట్ అనే, హబుల్ ఫైళ్ళు దాచి ఉంచే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లోంచి దింపుకున్నవి ఆ రెండోసారివి. పేర్లలో 502, 657, 673 అని ఉన్న మూడు ఫైళ్ళు, అవి ఒక్కో రకం వెలుగునే లోపలికి వదిలే ఫిల్టర్ల నంబర్లు, ఆ వెలుగు తరంగం పొడవు నానోమీటర్లలో. ఫ్రీగానే ఇస్తారు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఎం16 మన శ్రీకాకుళం, విజయనగరం ఆకాశంలో జూన్ చివర, జూలైలో అర్ధరాత్రికి బాగా పైకొస్తాది, సరిగ్గా అప్పుడే మనకి మబ్బులు, ఇంక మన టెలిస్కోప్ పెట్టుకుని ఏం చూస్తాం, అందుకే ఈ దారి.

ఇప్పుడు ఈ ఫైళ్ళని తెరిచే సాఫ్ట్‌వేర్ ఫిట్స్ లిబరేటర్ తెరిచి ముందు 657 ఫైల్ పెట్టండి. అందరికంటే బలమైనది ఇదే, హైడ్రోజన్ వెలుగు. స్ట్రెచ్ అన్న చోట లీనియర్ ఉంటాది, దాన్ని ఆర్క్‌సైన్‌హెచ్‌కి మార్చండి. ఒక్కసారిగా పొగ కనబడతాది, స్తంభాలు లేచి నిలబడతాయి, ఇది చూసినప్పుడు గుంటలు ఎవరైనా పక్కనుంటే పిలవండి, మళ్ళీ అంత సరదా స్టెప్పు లేదు. కింద హిస్టోగ్రామ్ అని, ఎంత వెలుగున్న పిక్సెళ్ళు ఎన్నున్నాయో చూపించే గ్రాఫ్‌లో ఒక గుట్టలాగ కనిపిస్తాది కదా, ఎక్కడినుంచి కిందదంతా నలుపో చెప్పే బ్లాక్ లెవెల్‌ని ఆ గుట్ట మొదలయ్యేచోటికి కొంచెం ఎడమవైపే ఆపండి. గుట్టలోకి తీసుకెళ్ళారంటే పల్చటి గ్యాస్ అంతా కోసేసినట్టే, తరవాత ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ అది తిరిగి రాదు. నెట్‌లో కనిపించే సగం ఫొటోలు ఇక్కడే చెడిపోతాయి, ఆకాశం కాటుకలాగ ఉంటే అందం అనుకుని లాగేస్తారు. అక్కడ ఆకాశం నల్లగా ఉండదండీ, అంతా వెలుగుతున్న గ్యాసే. వైట్ లెవెల్ మాత్రం నక్షత్రాల నడిమి చుక్క ఒక్కటే తెల్లబడేదాకా తెచ్చి ఒగ్గేయండి. 16 బిట్ టిఫ్‌గా సేవ్ చెయ్యండి, 8 బిట్ వద్దు, నీడల్లో గీతలు పడతాయి.

మిగతా రెండు ఫైళ్ళకి ఇదే పని, కానీ ఇవే నంబర్లు కాపీ కొట్టకండి. ఒక్కోదానికి వేరేగా చూసి పెట్టాలి. ఎందుకంటే హైడ్రోజన్ వెలుగు మిగతా రెంటికంటే చాలా ఎక్కువ, చివర్లో పచ్చ రంగు దానికే ఇస్తాం కాబట్టి మూడిటికీ ఒకటే స్ట్రెచ్ పెడితే ఫొటో మొత్తం పచ్చగా వస్తాది, పాచి పట్టిన గోడలాగ.

ఇప్పుడు మూడిటినీ నలుపు తెలుపులోనే పక్కపక్కన పెట్టి చూడండి, రంగు జోలికి వెళ్ళొద్దు ఇంకా. 673 అంటే సల్ఫర్, అందులో స్తంభాల అంచులు సన్నగా, పదునుగా మెరుస్తాయి. 502 అంటే ఆక్సిజన్, అందులో స్తంభాలు నల్లటి నీడల్లాగ ఉంటాయి, వాటి వెనకాల, చుట్టూరా మెత్తని వెలుగు పరుచుకుని ఉంటాది. ఇదేటి ఇలాగ అంటే, ఆ స్తంభాల దగ్గర్లోనే ఎన్‌జీసీ 6611 అని వేడి నక్షత్రాల గుంపు ఉంది, వాటి అల్ట్రావయొలెట్ వెలుగే ఈ గ్యాస్‌ని వెలిగించేది, స్తంభాల్ని కొద్దికొద్దిగా కరిగించేదీ అదే. సల్ఫర్‌లోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడాలంటే సుమారు 10.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు, హైడ్రోజన్‌కి 13.6 కావాలి, ఒకటి ఊడిన ఆక్సిజన్‌లోంచి రెండోది కూడా ఊడాలంటే 35 దాకా కావాలి. అంత బలం ఉన్న వెలుగు దొరికేది ఖాళీ జాగాలో, నక్షత్రాలకి ఎదురుగా, అందుకే ఆక్సిజన్ బయట పరుచుకుంటాది. స్తంభం ఒళ్ళు చిక్కటి గ్యాస్, ధూళి, బలమైన వెలుగు అక్కడికి వచ్చేసరికి ఖర్చయిపోతాది, అంచుమీద సల్ఫర్ మిగులుతాది. ఈ తేడా మీకు నలుపు తెలుపులోనే కనబడితే ఫైళ్ళు సరైనవే దింపారని లెక్క.

ఇంక కలపడం. నేను పగలు చేసేది విజయనగరంలో పెళ్ళికార్డుల ప్రెస్‌లో డిజైనింగ్, అక్కడ ఒక్కో ఇంకుకి ఒక్కో ప్లేటు, ఏ ప్లేటు చూసినా నలుపు తెలుపే, ఏ ఇంకు పోయాలన్నది మన చేతిలో ఉంటాది, ఇదీ అంతే. జింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో మూడు టిఫ్‌లూ తెరిచి, ఇమేజ్ మెనూలో మోడ్ గ్రేస్కేల్ అని ఉందో లేదో చూసుకుని, కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో కంపోజ్. ఆర్‌జీబీ ఎంచుకుని ఎరుపుకి 673, పచ్చకి 657, నీలానికి 502 ఇవ్వండి. మూడు ఫైళ్ళూ ఒకే సైజు ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు.

రంగులు దొంగవంట కదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. హబుల్ కెమెరాలో రంగుల సెన్సార్ లేదు, అన్నీ ఫిల్టర్ పెట్టి తీసిన నలుపు తెలుపులే. సల్ఫర్, హైడ్రోజన్ రెండూ మన కంటికి ఎరుపే, కంటితో చూస్తే అంతా ఒకే ఎర్రటి మరకలాగ కలిసిపోతాది. పొడవైన తరంగానికి ఎరుపు, పొట్టిదానికి నీలం అన్న వరస మార్చకుండా వాటిని విడదీసి చూపిస్తున్నాం, అందులో దొంగతనం ఏటీ లేదు. దొంగతనం అంటే సాచురేషన్ స్లైడర్ చివరిదాకా తోసేసి నెమలిపింఛం చేసి పెట్టడం.

నక్షత్రాలు గులాబీ రంగులో వస్తే కంగారు పడకండి. హైడ్రోజన్‌ని తక్కువ లాగాం కదా, నక్షత్రాల్లో పచ్చ తగ్గిపోయి ఎరుపు నీలం మిగులుతాయి. చాలామంది దాన్ని తుడిచేస్తారు, నాకైతే అలాగ ఉంచేయడమే ఇష్టం, చూడగానే ఏ ఫిల్టర్లు వాడామో తెలిసిపోతాది.

ఇంటిపని: ఇదే ఫొటో ఇంకోసారి కంపోజ్ చేసి ఈసారి 657ని ఎరుపుకి, 673ని పచ్చకి ఇవ్వండి, స్తంభాల అంచుల్లో ఏం మారిందో చూసి రాయండి. 4వ పాఠంలో జేమ్స్ వెబ్ అనే ఇంకో అంతరిక్ష టెలిస్కోప్ ఫైళ్ళు పడతాం, అక్కడ ఇవే స్తంభాలు లోపలిదాకా కనబడతాయి, ఎర్రటి పసి నక్షత్రాలతో సహా. వెబ్‌లో 187 అంటే 1.87 మైక్రాన్లు, నానోమీటర్లు కాదు, కలగాపులగం చేసుకోకండి. 187, 335, 470 ఫిల్టర్ల ఫైళ్ళలో పేరు చివర ఐ2డి అని ఉన్నవే ఎంచుకుని రాత్రిపూట డౌన్‌లోడ్ పెట్టేసుకోండి, అవి బాగా బరువు, పగలు మన నెట్‌తో అవ్వదు.