మంచాన ఉన్న మనిషిని చూసుకోవడం – 4వ పాఠం: ఒత్తిగిలించడం

పోయిన పాఠంలో మంచం మీదే ఒళ్లు తుడవడం నేర్చుకున్నాం. అక్కడ "పక్కకు తిప్పి వీపు తుడవాలి" అని ఒక్క ముక్కలో దాటేశాను. ఆ ఒక్క ముక్కే ఈసారి పాఠం. చూసుకునేవాళ్ల నడుము పట్టేసేది ఎక్కువగా ఈ పనిలోనే. ఇది జరగకపోతే పడుకున్నవాళ్లకి పుండ్లు పడతాయి. ఇద్దరి మధ్య మాటామాటా పెరిగేది కూడా చాలా ఇళ్లల్లో ఇక్కడే.

ముందు ఎందుకో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిద్రలో తమకు తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతుంటారు. అలా కదల్లేని మనిషికి ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగిపోతుంది. సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి అక్కడికి రక్తం అందదు. వెల్లకిలా పడుకున్నవాళ్లకి తల వెనక, భుజం ఎముకల దగ్గర, మోచేతుల మీద, పిర్రల పైన నడుము చివరి ఎముక దగ్గర, మడమల మీద ఈ ఇబ్బంది వస్తుంది. పక్కకు పడుకుంటే చెవి, తుంటి, మోకాళ్ల పక్కలు, చీలమండలు. ఎవరికి ఎంత ప్రమాదం ఉందో లెక్కగట్టడానికి ఆసుపత్రుల్లో వాడే బ్రేడెన్ స్కేల్ 1987లో వచ్చింది. అది ఆరు విషయాలు చూస్తుంది: నొప్పీ ఒత్తిడీ తెలుస్తున్నాయా, ఒంటికి తడి ఎంత తగులుతోంది, మంచం దిగుతున్నారా, మంచంలో కదులుతున్నారా, తిండి సరిపోతోందా, చర్మం పక్క మీద రాసుకుపోతోందా. ఇంట్లో మార్కులు వేయనక్కర్లేదు, ఈ ఆరూ గుర్తుంటే చాలు. దుప్పటి తడిసి గంటసేపు అలాగే ఉండిపోతే, ఎన్నిసార్లు తిప్పినా చర్మం దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

తిప్పిన ప్రతిసారీ అప్పటిదాకా కింద ఉన్న వైపు చూడండి. ఎర్రగా ఉంటే వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టే, ఆ వైపు కాసేపు ఒత్తిడి పడకుండా చూస్తే సరిపోతుంది. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైందని అర్థం, ఇక ఆ చోటు మీద బరువు పడకూడదు, నర్సుకో డాక్టరుకో చూపించాలి. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా కనిపించదు. అలాంటప్పుడు చేత్తో తడిమి చూడాలి: చుట్టుపక్కల కన్నా వేడిగానో చల్లగానో ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, రంగు ఊదాకి తిరిగిందా, తాకితే మూలుగుతున్నారా. ఎర్రబడ్డ చోట నూనె రాసి మర్దన చేయాలని చాలామందికి అనిపిస్తుంది, చేయకండి. లోపల దెబ్బతిన్న కణజాలం ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో రంధ్రం ఉండే గాలి ట్యూబు దిండ్లూ వద్దు, అవి చుట్టూ ఉన్న చర్మాన్ని నొక్కేస్తాయి.

ఇక పని. తుంటి ఆపరేషన్ అయినవాళ్లనీ, వెన్నెముకకి దెబ్బ తగిలినవాళ్లనీ ఈ పాఠం చదివి తిప్పకండి. వాళ్ల పద్ధతి వేరు, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చూపించాలి. మనిషి బాగా బరువైతే ఒక్కరే చేయొద్దు.

భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా, మడతపెట్టిన దుప్పటి ఒకటి వాళ్ల కింద ఎప్పుడూ పరిచి ఉంచండి. లాగాల్సింది దాన్ని, మనిషిని కాదు. మంచం ఎత్తు పెంచుకునే వీలుంటే మీ నడుము దాకా తెచ్చుకోండి. మనిషిని మీ వైపుకి తిప్పాలంటే ముందు అవతలి పక్కకి వెళ్లి, దుప్పటి పట్టుకుని వాళ్లని అటు జరపాలి. లేకపోతే తిప్పాక మంచం అంచుకి వచ్చేస్తారు. జరిపాక అటువైపు మంచం కమ్మీ పైకి లేపి పెట్టి, తిరిగి ఇటు రండి. మీకు దగ్గరగా ఉన్న చేతిని ఒంటి కింద పడకుండా కాస్త ఎడంగా పెట్టండి. అవతలి చేతిని ఛాతీ మీదకి తెచ్చి, అవతలి మోకాలు మడవండి. మీ పాదాలు ఎడంగా, ఒకటి ముందుకి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. ఒక చెయ్యి అవతలి భుజం ఎముక వెనక, ఇంకోటి అవతలి తుంటి వెనక వేయండి. ఇప్పుడు ముందు కాలి మీద ఉన్న మీ బరువుని వెనక్కాలి మీదకి మార్చండి, ఆ ఊపుకే మనిషి మీ వైపు తిరుగుతారు. చేతులతో లాగుతున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. పక్షవాతం వచ్చిన చేతిని మాత్రం పట్టుకుని లాగొద్దు, భుజం జారిపోతుంది.

నిలువుగా పూర్తి పక్కకి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. గడియారంలో ఒంటిగంటప్పుడు రెండు ముళ్ల మధ్య ఎంత ఉంటుందో అంత. వీపు వెనక దిండు పెట్టి ఆ వాలులో ఆపండి. మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి పెడితే మడమలు పరుపుకి తగలవు. చివర్లో కింది భుజాన్ని కాస్త ముందుకి లాగి, చెవి మడతపడిందా, మూత్రం గొట్టం ఒంటి కింద నలుగుతోందా, దుప్పటి ముడతపడిందా చూసుకోండి. చిన్న ముడత కూడా గంటసేపటికి చర్మం మీద గాడి వేస్తుంది.

ఇందాక ఒక సంగతి చెప్పలేదు, నా దృష్టిలో అదే అసలైనది. చెయ్యి వేసే ముందు చెప్పండి. "అత్తయ్యా, ఇటు తిప్పుతున్నాను. మూడు అనగానే మీరూ తలా, మోకాలూ ఇటు తిప్పండి." ఆమెకి మాట రాకపోయినా, అర్థమవుతోందో లేదో తెలియకపోయినా చెప్పండి. చెప్పకుండా తిప్పితే పడిపోతామేమోనన్న భయంతో ఒళ్లు బిగదీసుకుంటారు, మీకు రెట్టింపు బరువు. "ఎంత చెప్పినా సహకరించరు" అని మనం విసుక్కునేది చాలాసార్లు ఆ భయాన్నే. రోజూ అదే మాట, అదే లెక్క వింటూ ఉంటే కొన్నాళ్లకి మీరు "రెండు" అనేసరికే ఆమె చెయ్యి కమ్మీ కోసం వెతకొచ్చు. ఆ చేతికి టైమివ్వండి. మీరే గబుక్కున తిప్పేస్తే అరనిమిషంలో పని అయిపోతుంది, కానీ ఆమె చేయగలిగిన ఆ కాస్తా పోతుంది. ఈ సేవలో దక్కే సంతోషం ఏమిటంటే నేను చెప్పేది ఇదే: ఒక మనిషికి ఇంకా ఏం చేతనవునో అందరికన్నా ముందు మీకు తెలుస్తుంది. డాక్టరు అడిగితే తడుముకోకుండా చెప్పగలరు.

కష్టం మాటకొస్తే, రాత్రుళ్లే. రెండు గంటలకోసారి తిప్పాలనేది అందరూ చెప్పే లెక్క. పగలు అది సరే. రాత్రంతా అలాగే లేస్తే వారం తిరక్కుండానే మీరు మంచాన పడతారు. ఒత్తిడి తగ్గించే ఫోమ్ పరుపు మీద కొందరికి నాలుగు గంటల దాకా ఆగొచ్చు. మీ మనిషికి ఎంత కుదురుతుందో డాక్టరుని అడిగి, వ్యవధి కొద్దికొద్దిగా పెంచుతూ, పొద్దున్నే చర్మం చూసి నిర్ణయించుకోండి. అలసటతో పాటు కోపం వస్తుంది, ఆ వెంటనే "నేనిలా అనుకుంటున్నానేంటి" అన్న బాధ. ఇది మీ ఒక్కరికే అనుకోకండి. చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచేందుకు స్టీవెన్ జారిట్ బృందం 1980లో ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది 22 ప్రశ్నలది. మీకంటూ సమయం లేకుండా పోయిందా, ఆ మనిషి మీద కోపం వస్తోందా లాంటివి అందులో నేరుగానే అడుగుతారు. కోపం మాటల్లో ఆగకుండా చేతుల్లోకి వస్తోందంటే, తిప్పేటప్పుడు పట్టు మోటుగా మారుతోందంటే, ఆ పూట ఇంకొకరికి అప్పగించండి. పక్క మీద మనిషి క్షేమంగా ఉన్నారని చూసుకుని, అవతలి గదిలో పది నిమిషాలు కూర్చున్నా తప్పేం లేదు.

ఈ వారం అభ్యాసం. ముందు మీరే పడుకోండి. ఇంట్లో ఎవరినైనా మిమ్మల్ని తిప్పమనండి, ఒకసారి మాట్లాడకుండా, ఒకసారి లెక్కపెట్టి. రెండింటికీ తేడా మీ ఒంటికే తెలుస్తుంది. తర్వాత పాత్రలు మార్చుకుని, చేతులతో లాగకుండా బరువు కాళ్ల మీదకి మార్చడం ఒంటబట్టేదాకా చేయండి. ఆ తర్వాతే రోగి దగ్గరికి వెళ్లండి. మంచం పక్కన ఒక కాగితం పెట్టి ఏ టైముకి ఎటువైపు తిప్పారో, చర్మం ఎలా ఉందో రాయండి. రేపు మీ తమ్ముడో, వదినో ఒక రాత్రి చూసుకుంటామంటే వాళ్లకి ఆ కాగితం చాలు, మీకు ఫోన్ చేసి నిద్రలేపనక్కర్లేదు.

వచ్చే పాఠంలో మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకుందాం. ఈలోగా చక్రాల కుర్చీకి రెండువైపులా బ్రేకులు పడుతున్నాయో లేదో చూసి ఉంచుకోండి.