మన ఊరి రేడియో – 3వ పాఠం: యాంటెన్నా చోటు రాయడం

ఊరి రేడియో అనుమతికి పెట్టే దరఖాస్తు కోసం పోయిన పాఠంలో సంఘం రిజిస్ట్రేషను కాగితాలు, మూడేళ్ల సేవకు రుజువులు ఒక ఫైల్లో పెట్టుకున్నారు కదా. ఈసారి ఒక్క గడి దగ్గరే ఆగుదాం. యాంటెన్నా నిలబెట్టే చోటు అక్షాంశం, రేఖాంశం. సాయం కావాలని ఎవరు దరఖాస్తు తెచ్చినా నేను ముందు చూసేది అదే.

మిద్దె ఎక్కండి. స్తంభం నాటబోయే మూలకే వెళ్లి ఫోన్లో మ్యాపు తెరవండి. నీలం చుక్క కుదురుకున్నాక దాని మీద వేలు నొక్కిపెడితే రెండు అంకెలు వస్తాయి. చంద్రగిరి దగ్గరైతే 13.58, 79.32 లాంటివి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. దశాంశ బిందువు తర్వాత ఫోన్లో ఇంకా చాలా అంకెలుంటాయి, ఒక్కటీ వదలకుండా రాసుకోండి. లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ రెండే తీసుకున్నాను.

ఫారంలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అని విడివిడిగా అడిగితే చాలామంది 13.58ని 13 డిగ్రీల 58 నిమిషాలని రాసేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు, వంద కాదు. 0.58ని 60తో గుణిస్తే 34.8. అంటే 34 నిమిషాలు. మిగిలిన 0.8ని మళ్లీ 60తో గుణిస్తే 48 సెకన్లు. సరైన జవాబు 13 డిగ్రీల 34 నిమిషాల 48 సెకన్లు.

ఈ తేడా చిన్నది కాదు. అక్షాంశంలో ఒక్కో నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు. చంద్రగిరి స్తంభం కాగితం మీద 43 కిలోమీటర్లు ఉత్తరానికి, రైల్వే కోడూరు వైపు వెళ్లిపోతుంది. సేవ చేసే ఊళ్ల మధ్యే యాంటెన్నా ఉండాలన్నది నియమం. పైగా రేణిగుంటలో విమానాశ్రయం ఉంది కాబట్టి స్తంభం కచ్చితంగా ఎక్కడుందో అనుమతి ఇచ్చేవాళ్లకు తెలియాలి. చెనిక్కాయ రైతుల కోసం రేడియో పెట్టాలనుకున్న ఒక మహిళా సంఘం ఇలాగే తప్పు రాసింది. ఆ అక్కలు తిరిగిన తిరుగుడు చూశాకే ఈ గడికి ఒక పాఠం మొత్తం కేటాయించాను.

రేఖాంశం మీరే చేయండి. 79.32కి 79 డిగ్రీల 19 నిమిషాల 12 సెకన్లు రావాలి. వచ్చిన అంకెల్ని మళ్లీ మ్యాపులో కొట్టి, చుక్క మీ మిద్దె మీదే పడుతోందో లేదో చూడండి.

వచ్చే పాఠం ఎత్తు గురించి. యాంటెన్నా 15 మీటర్లకు తగ్గకూడదు, 30 దాటకూడదు. టేపు పట్టుకుని కొలిచి ఉంచుకోండి, మిద్దె మీంచి కాదు, నేల నుంచి.