పాపది అమెరికా పాస్‌పోర్టు, మీది ఇండియన్ పాస్‌పోర్టు: ఊరికి బయల్దేరే ముందు

డిసెంబరు సెలవులకు టికెట్లు కొనేశారా? ఆవకాయ తెచ్చుకోవడానికి ఖాళీ సూట్‌కేసు వెతికే ముందు ఇవి చూసుకోండి.

– పాప వీసా. అమెరికాలో పుట్టిన బిడ్డ ఇండియాకు విదేశీయురాలే. ఓసీఐ కార్డో (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే దీర్ఘకాల కార్డు), ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వీసానో లేకపోతే చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. మాకు తెలిసిన జంట తొమ్మిది నెలల బాబుతో, ఆరు పెట్టెలతో అక్కడి నుంచే ఇంటికి తిరిగొచ్చారు. ఓసీఐకి వారాలు పడుతుంది. టైం లేకపోతే ఈ-వీసాకు పెట్టి, మంజూరు కాగితం ప్రింట్ తీసుకోండి.

– లండన్ మీదుగా వెళ్తుంటే ఇబ్బంది పాపకు కాదు, మీకు. హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) వాళ్ల పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటిపోతే, ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే మంజూరు పత్రం) చూపించినా సాధారణంగా అక్కడ విమానం మారడానికి బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలంటారు. టికెట్ కొనకముందే చూడాల్సిన విషయం ఇది.

– పాప పాస్‌పోర్టు గడువు. 16 ఏళ్లలోపు ఇచ్చేది 5 ఏళ్లకే అయిపోతుంది. మనది పదేళ్లు కదా, ఆ ధీమాలో మర్చిపోతాం. కొత్తది వచ్చాక ఓసీఐ పోర్టల్‌లో దాని కాపీ, ఫొటో అప్‌లోడ్ చేయాలి.

– అమ్మ ఒక్కతే తీసుకెళ్తుంటే బర్త్ సర్టిఫికెట్, నాన్న సంతకంతో నోటరీ చేయించిన లెటర్ దగ్గర ఉంచుకోవాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, పాప పాస్‌పోర్టులో పేరుతో కలవకపోవచ్చు కాబట్టి, ఈ పిల్ల మీ పిల్లేనా అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.