కారుకు అదనంగా బిగించినవి సర్వీస్ సెంటర్‌లో ఎలా చెప్పాలి? వారంటీ ఎలా కాపాడుకోవాలి?

మా అనంతపురంలో కొత్త కారు షోరూం నుంచి నేరుగా ఇంటికి రాదు. గుడి దగ్గర పూజయి, టైర్లు నిమ్మకాయలు తొక్కాక, ఎక్కువ బండ్లు యాక్సెసరీస్ అంగడికే పోతాయి. సీటు కవర్లు, అలాయ్ చక్రాలు, పెద్ద హారన్, ఫాగ్ ల్యాంపులు... ఎవరి సరదా వాళ్లది. చిక్కంతా ఏడాది తర్వాత, ఏదో ఒకటి చెడిపోయి సర్వీస్ సెంటర్ గేటు ముందు నిలబడినప్పుడు మొదలవుతుంది. చెప్పాలా, దాచాలా?

నేను ఒకసారి దాచాను. 44వ జాతీయ రహదారి మీద లారీలకు వినపడాలని హారన్, రాత్రి ప్రయాణాలకని ఫాగ్ ల్యాంపులు బయట పెట్టించుకున్నాను. రెండు నెలలకు తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. వారంటీ పోతుందేమోనని భయపడి, బండి ఇచ్చే ముందు రోజు రాత్రి అన్నీ నేనే పీకేసి, "వైరింగ్ ఎవరూ ముట్టుకోలేదు" అని చెప్పాను. పది నిమిషాల్లో మెకానిక్ ఒక నల్ల టేపు ముక్క తెచ్చి చూపించాడు. "ఏం సార్, ఇది కంపెనీ చుట్టిందేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రిపేరుకు డబ్బు కట్టుకున్నాను, అది న్యాయమే. కానీ తర్వాత వెనక డోర్ లాక్ చెడిపోయినప్పుడు కూడా "అక్కడేమన్నా ముట్టుకున్నారా సార్" అని నన్ను అనుమానంగానే చూశారు. డోర్ లాక్‌కూ ఫాగ్ ల్యాంపులకూ ఏ సంబంధమూ లేదు. అక్కడ నేను పోగొట్టుకున్నది వారంటీని కాదు, నా మాట మీద నమ్మకాన్ని.

బిగించక ముందే అడగండి

మొదట బండితో ఇచ్చిన వారంటీ పుస్తకంలో 'వర్తించనివి' అన్న పేజీ చదవండి. కంపెనీ అనుమతి లేని మార్పుల వల్ల వచ్చిన లోపాలకు బాధ్యత లేదని దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 'వల్ల' అన్న మాట దగ్గర ఆగండి. తర్వాత వాదన వస్తే అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. టైర్లకు, బ్యాటరీకి వారంటీ సాధారణంగా వాటిని తయారుచేసిన కంపెనీలే విడిగా ఇస్తాయి.

తర్వాత షోరూంలో అడగండి. బండి అమ్మిన కుర్రాణ్ని కాదు, సర్వీస్ విభాగంలో వారంటీ చూసే మనిషిని. అమ్మేవాళ్లు "ఏం కాదు సార్, పెట్టించుకోండి" అంటారు, ఆ మాట రేపు బండి సర్వీస్‌కు ఇచ్చినప్పుడు రాసే జాబ్ కార్డు మీదికి రాదు. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రెండు వాక్యాలు రాస్తే చాలు: "ఫలానా సైజు అలాయ్ చక్రాలు బయట వేయించుకోవాలనుకుంటున్నాను. దీనివల్ల ఏయే భాగాల వారంటీ పోతుంది?" జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు తేదీతో సహా రుజువు ఉంటుంది.

ఏది ఎంత ప్రమాదమో తెలుసుకోండి

మ్యాట్లు, ఫోన్ స్టాండ్ గురించి ఎవరూ గొడవ పడరు. సీటు కవర్ కూడా అంతే అనుకుంటాం కానీ, కొన్ని బండ్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉంటుంది. మామూలు కవర్ దాన్ని తెరుచుకోనివ్వకపోవచ్చు. ఆ చోట కుట్టు విడిపోయేలా చేసిన కవర్లు వేరే ఉంటాయి, అడిగి తీసుకోండి. మన వైపు బంపర్‌కు ముందర ఇష్టంగా పెట్టించుకునే ఇనుప గార్డు సంగతీ ఇలాంటిదే. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకు దెబ్బ తగలాల్సిన తీరును అది మార్చేస్తుంది. వీటిని తీయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది.

టైరు పక్కన రాసి ఉండే సైజు చూడండి. 185/65 ఆర్15 ఉన్నచోట 195/65 ఆర్15 వేస్తే టైరు ఎత్తు 621.5 మిల్లీమీటర్ల నుంచి 634.5కు పెరుగుతుంది. అంటే చక్రం ఒక్కో చుట్టుకు రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. ఇది చిన్న తేడానే. ఇంకా వెడల్పువి, బయటికి పొడుచుకొచ్చేవి వేస్తే మాత్రం వీల్ బేరింగుల మీద, సస్పెన్షన్ మీద భారం పడుతుంది. ఆ భాగాల క్లెయిమ్ దగ్గర అడ్డం తిరిగితే వాళ్లను తప్పుపట్టలేం.

అసలు తంటా వైరింగ్‌తోనే. హెడ్‌లైట్‌లో 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది పెట్టామనుకోండి. అయిదు ఆంపియర్లు లాగే చోట ఎనిమిదికి పైగా లాగుతుంది. తీగలో పుట్టే వేడి రెండున్నర రెట్లకు పైనే పెరుగుతుంది. హోల్డరు కరిగిందంటే అది కంపెనీ తప్పు కాదు. పెట్టించక తప్పదనుకుంటే, విడి రిలేతో (ఎక్కువ కరెంటును తన మీదుగా పంపే స్విచ్చు), ఫ్యూజుతో, కంపెనీ వైరు కోయకుండా చేయించండి. డ్యాష్ కెమెరాకైనా ఇదే పద్ధతి.

ఇక రీమ్యాప్. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలో లెక్కలు మార్చి పవర్ పెంచడం. "సర్వీస్‌కు ముందు పాతది వేసిస్తాం, ఎవరికీ తెలీదు" అని చేసేవాళ్లు భరోసా ఇస్తారు. నమ్మకండి. చాలా ఈసీయూలు తమలో ప్రోగ్రాం ఎన్నిసార్లు మార్చారో లెక్క పెట్టుకుంటాయి. స్కానర్ తగిలించగానే కంపెనీ లెక్కకూ బండి లెక్కకూ తేడా బయటపడుతుంది. లోపం వచ్చిన క్షణాన ఇంజిన్ స్పీడు, వేడి, లోడు ఎంతో కూడా ఈసీయూ రాసి పెట్టుకుంటుంది. ఆ లోపానికి పడిన కోడ్ తుడిచేస్తే, తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లు చెప్పేస్తాయి. రీమ్యాప్ చేయించుకుంటే ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్, టర్బోల వారంటీ మీద ఆశ వదులుకుని చేయించుకోండి. అది మీ బండి, మీ ఇష్టం. దాచి మాత్రం గెలవలేరు.

సీఎన్‌జీ కిట్ బయట పెట్టిస్తే వారంటీ ఒక్కటే సమస్య కాదు. ఆమోదం ఉన్న కిట్ అయి ఉండాలి, ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. చట్టం ఒప్పుకోని మార్పులకు, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, ఒక్కో దానికి 5,000 రూపాయల జరిమానాగానీ ఆరు నెలల దాకా జైలుగానీ, రెండూగానీ పడవచ్చు.

ఏది చేయించినా బిల్లు దాచుకోండి, తీసిన ఒరిజినల్ భాగాలను పారేయకండి.

బానెట్ తెరవక ముందే చెప్పండి

సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు రాస్తున్నప్పుడే చెప్పాలి. వాళ్లు కనిపెట్టాక చెబితే అది ఒప్పుకోవడం అవుతుంది, చెప్పడం కాదు. నాలుగు సంగతులు చాలు: ఏం పెట్టించారు, ఎప్పుడు, ఎవరు బిగించారు, ఏ వైరు లేదా భాగం ముట్టుకున్నారు.

"మార్చిలో డ్యాష్ కెమెరా పెట్టించినాను. ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు తీసుకున్నారు, వైరు కోయలేదు. బిల్లు ఇదిగో. ఇప్పుడు ఏసీ చల్లగా రావడం లేదు." ఇంతే. "దానివల్లే అయిందేమో" అని మీరే జోడించకండి. కారణం వెతకడం వాళ్ల పని, మీ ఊహ జాబ్ కార్డులో మీ మాటగా నిలిచిపోతుంది. మీరు చెప్పింది కార్డులో రాశారో లేదో చూసి, ఫోటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.

అడ్వైజర్ మొహమాటానికి "రాయొద్దులే సార్, నేను చూసుకుంటా" అనవచ్చు. ఒప్పుకోవద్దు. వారంటీ పనికి డీలర్‌కు డబ్బిచ్చేది కంపెనీ. తర్వాత తనిఖీలో బయటపడితే ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఆ మనిషి మీ వైపు నిలబడతాడనుకోవడం అత్యాశ.

కాదంటే ఏం చేయాలి?

"బయట పని చేయించారు కాబట్టి మొత్తం వారంటీ పోయింది" అంటే గొంతు పెంచకండి. మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఏ భాగం చెడింది? పుస్తకంలో ఏ నిబంధన కింద కాదంటున్నారు? నేను పెట్టించినది ఆ భాగాన్ని ఎలా పాడుచేసింది? అలాయ్ చక్రాలకూ పవర్ విండో స్విచ్‌కూ లంకె పెట్టడం ఎవరికైనా కష్టమే. రీమ్యాప్ చేసిన బండిలో క్లచ్ కాలితే మాత్రం లంకె తేలిగ్గా దొరుకుతుంది, అక్కడ పోట్లాడి లాభం లేదు.

యూట్యూబ్‌లో చూసి అమెరికాలో 1975లో వచ్చిన వారంటీ చట్టం పేరు చెప్పి వాదించేవాళ్లను చూశాను. అది ఇక్కడ పనికిరాదు. మనకు ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం.

డీలర్ దగ్గర తెగకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు రాయండి. అక్కడా కాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చివరగా జిల్లా వినియోగదారుల కమిషన్. మనకు అనంతపురంలోనే ఉంది, కర్నూలు, కడప వాళ్లకూ వాళ్ల ఊళ్లలోనే ఉంది. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. ఫీజు మీరు బండికి కట్టిన ధరను బట్టి: అయిదు లక్షల దాకా ఏమీ లేదు, పది లక్షల దాకా 200 రూపాయలు, ఇరవై లక్షల దాకా 400. వెళ్లేటప్పుడు వారంటీ పుస్తకం, బిల్లులు, మీరు ముందుగా పంపిన మెసేజ్, వాళ్లు కాదన్న కాగితం, మీరు చెప్పిన మాటలు రాసి ఉన్న ఆ జాబ్ కార్డు తీసుకెళ్లండి.