షంటు ఉన్న బిడ్డ ఇంటి నుంచి ఫోను వస్తే

మధ్యాహ్నం మూడు గంటలకు ఫోను మోగుతుంది. సర్జన్ థియేటర్‌లో ఉన్నారు, ఇంకో నాలుగు గంటల దాకా బయటికి రారు. అవతల ఒక తల్లి గొంతు: “పొద్దున్నుంచి మూడుసార్లు వాంతి చేసుకుంది. తలలో షంటు ఉంది. ఇప్పుడే తీసుకురావాలా, రేపటిదాకా చూడాలా?” అమెరికాలో పిల్లల న్యూరోసర్జరీ విభాగంలో నర్స్ ప్రాక్టిషనర్‌గా నా రోజు చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఉద్యోగం పుట్టిందే పిల్లల వైద్యంలో. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి శిక్షణ ప్రారంభించారు. బిడ్డను పరీక్షించడం, స్కాన్లూ మందులూ రాయడం, ఆపరేషన్ ముందూ తర్వాతా కుటుంబానికి అందుబాటులో ఉండడం మా పని. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసి, ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష రాసి, ఇక్కడి వార్డుల్లో కొన్నేళ్లు గడిపి, మళ్లీ చదువుకుని ఈ విభాగంలోకి వస్తున్న తెలుగు నర్సులు ఉన్నారు. మొదటి ఏడాది నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకున్న సంగతులను వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు షంటు గురించి రెండు మాటలు. మెదడు లోపలి గదుల్లో నీరు ఆగకుండా ఊరుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇది రోజుకు దాదాపు అర లీటరు. అది పోయే దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. దాన్నే హైడ్రోకెఫలస్ అంటాం. ఆ నీటిని చర్మం కిందుగా పొట్టలోకి దింపే సన్నని సిలికాన్ గొట్టమే షంటు. ఎంత నీరు దిగాలో మధ్యలో ఉన్న వాల్వు చూసుకుంటుంది. పిల్లలకు పెట్టిన షంట్లలో దాదాపు సగం రెండేళ్లలోపే చెడిపోతాయి. అందుకే ‘చెడిపోయిందేమో’ అని ప్రతిసారీ అనుమానించడం అతిజాగ్రత్త కాదు.

సమస్య: వాంతులు, మగత ఉన్నాయి, స్కాను మాత్రం ‘మామూలే’ అంటున్నారు

కారణం: ఎక్కువగా మూసుకుపోయేది గొట్టం పైకొస. అది మెదడు గదిలో ఉంటుంది. దాని చిన్న చిన్న రంధ్రాల్లోకి కోరాయిడ్ ప్లెక్సస్ అనే కణజాలం వేళ్లు దిగినట్టు పెరుగుతుంది. స్కాను మోసం చేయడానికి వేరే కారణం ఉంది. ఏళ్ల తరబడి షంటుతో పెరిగిన కొందరు పిల్లల్లో మెదడు గదులు బిగుసుకుపోయి, లోపల పీడనం పెరిగినా ఉబ్బవు. ఇంకొందరికి చీలికలా సన్నగా ఉండే గదులు కాస్త తెరుచుకుని, అందరికీ ఉండేంత వెడల్పుకు వస్తాయి. పాత స్కాను పక్కన లేకుండా చూస్తే అది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మెదడులాగే కనిపిస్తుంది.

నేను చేరిన రెండో ఏడాది ఒక ఏడేళ్ల పాప వచ్చింది. కడుపులో ఇన్ఫెక్షన్ అయి ఉంటుందని ఇంటికి పంపడానికి కాగితాలు సిద్ధం చేశారు. కానీ పాపకు జ్వరం లేదు, విరేచనాలు లేవు. తల్లి మంచం పక్కన నిలబడి ఒక్కటే మాట అంటోంది: “పోయినసారి కూడా ఇలాగే, కార్టూన్ చూస్తూ చూస్తూ కళ్లు వాల్చేసింది.” నేను వేలు పైకెత్తి, తల కదపకుండా దాన్ని చూడమన్నాను. పాప నుదురు ముడతలు పడింది, కనుబొమలు లేచాయి, కనుపాపలు మాత్రం మధ్య దాకా వచ్చి ఆగిపోయాయి. చూపు పైకి లేవకపోవడం తలలో పీడనం పెరిగిందనడానికి ఒక గుర్తు. రెండేళ్ల కిందటి స్కాను తెరిచి పక్కన పెట్టాను. అప్పుడు గీతలా ఉన్న గది ఇప్పుడు వేలి వెడల్పు ఉంది. ఆ రాత్రి ఆపరేషన్‌లో చూస్తే గొట్టం కొస పూర్తిగా పూడిపోయి ఉంది.

పరిష్కారం: ‘రేపు చూద్దాం’ అనకండి, ఇప్పుడే రమ్మనండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని చెప్పండి, రాత్రి ఆపరేషన్ పడవచ్చు. వచ్చాక మొదట మగత ఎంత ఉందో చూడండి. తలనొప్పి కంటే, వాంతుల కంటే మగతే ఎక్కువ చెబుతుంది. గుండె వేగం పడిపోతుంటే, కనుపాపలు తేడాగా ఉంటే స్కాను కోసం ఆగే సమయం కూడా లేదు. బిడ్డ ఏడుస్తోందని మత్తు ఇచ్చే మందు ఇవ్వకండి. నిద్ర మందుదో మెదడుదో తర్వాత ఎవరికీ తెలియదు. గొట్టం ఎక్కడైనా తెగిందా, విడిపోయిందా అని తల నుంచి పొట్ట దాకా ఎక్స్‌రేలు తీయించండి. కొన్ని నిమిషాల్లో అయిపోయే ఫాస్ట్ ఎంఆర్‌ఐ ఉంటే రేడియేషన్ తప్పుతుంది. ఏ స్కానైనా సరే, బిడ్డ బాగున్న రోజున తీసిన స్కానుతో పోల్చాకే మాట్లాడండి.

అప్పటికీ తేలకపోతే సర్జన్‌తో మాట్లాడి షంటు ట్యాప్ చేస్తాం. రిజర్వాయరు అంటే షంటుకు చర్మం కింద ఉండే చిన్న బుడిపె. దాని మీద చర్మం శుభ్రం చేసి, సన్నని బటర్‌ఫ్లై సూది గుచ్చి, సూదికి ఉన్న గొట్టాన్ని నిలువుగా పట్టుకుంటాం. నీరు సరసరా పైకెక్కితే అడ్డు కింద ఉన్నట్టు. ఒకటి రెండు చుక్కలతో ఆగిపోతే అడ్డు పైన ఉండవచ్చు. అయితే గదులు చీలికలా ఉన్న పిల్లల్లో నీరు రాకపోవడం ఒక్కటే సాక్ష్యం కాదు.

తల్లిదండ్రులు “ఇది పోయినసారి లాగే ఉంది” అంటే ఆ మాటను అక్షరాలా రికార్డులో రాయండి. ఇప్పుడు మనం వాడే వాల్వుల వెనక కూడా ఒక తండ్రి ఉన్నాడు. అతని పేరు జాన్ హోల్టర్, ఒక ఫ్యాక్టరీలో పనిచేసే మెకానిక్. 1955లో అతనికి వెన్నెముక లోపంతో, తలలో నీటితో కొడుకు పుట్టాడు. ఫిలడెల్ఫియాలో ఆ బిడ్డకు వైద్యం చేస్తున్న సర్జన్ యూజీన్ స్పిట్జ్ దగ్గర చిక్కు ఎక్కడుందో విని, ఇంటికి వెళ్లి ఒకవైపుకే తెరుచుకునే సిలికాన్ వాల్వు తయారు చేశాడు. 1956లో దాన్ని పిల్లలకు పెట్టడం మొదలైంది. బిడ్డ పక్కన రాత్రింబవళ్లు కూర్చున్న మనిషి చూపుకున్న విలువ నాకు ఆ వాల్వును తాకినప్పుడల్లా గుర్తొస్తుంది.

సమస్య: నెలల బిడ్డ పాలు తాగడం లేదు, మాడు ఎత్తుగా ఉంది

తెలుగు ఇళ్లలో దీన్ని మొదట పసిగట్టేది అమ్మమ్మలూ నాయనమ్మలూ. న్యూజెర్సీలో ఉన్నా టెక్సస్‌లో ఉన్నా స్నానానికి ముందు మాడు మీద ఆముదం పెట్టే అలవాటు పోలేదు. రోజూ అదే చోట వేళ్లు పెట్టే మనిషికి తేడా ఇట్టే తెలుస్తుంది. “మాడు నిన్నటిలా లేదమ్మా, గట్టిగా తగులుతోంది” అని ఒక పెద్దావిడ నాతో అంది. కూతురు సిగ్గుపడి ఆ మాటను ఇంగ్లిషులోకి మార్చి డాక్టరుకు చెప్పలేదు. ఆ గదిలో అంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకోటి లేదు.

కారణం: పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కాబట్టి పీడనం పెరిగితే తల సాగుతుంది, మాడు పొంగుతుంది, తల మీద నరాలు ఉబ్బి కనిపిస్తాయి, కనుగుడ్లు కిందికి వాలిపోతాయి. అందుకే పెద్దపిల్లల్లా ఒక్కసారిగా కూలబడరు. ‘పళ్లు వస్తున్నాయిలే’, ‘దిష్టి తగిలిందేమో’ అనుకుంటూ ఇంట్లో రెండు రోజులు గడిచిపోతాయి.

పరిష్కారం: ఏడుపు ఆగాక, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి మాడు తాకండి. పడుకోబెట్టినా, ఏడుస్తున్నా ఎవరికైనా పొంగుతుంది. తల చుట్టుకొలత టేపుతో మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చినది రాయండి. ఒక్క అంకె కంటే గ్రాఫులో గీత ఎలా లేస్తోందన్నదే ముఖ్యం. మాడు తెరిచి ఉన్నంతకాలం అల్ట్రాసౌండ్‌తోనే గదులు చూడవచ్చు.

సమస్య: జ్వరం

మొదట అడగవలసింది జ్వరం ఎంత అని కాదు, చివరి ఆపరేషన్ ఎప్పుడైందని. షంటు ఇన్ఫెక్షన్లలో అత్యధికం ఆపరేషన్ తర్వాత ఆరు నెలల్లోపే బయటపడతాయి, ఎందుకంటే చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ లాంటి సూక్ష్మజీవులు ఆపరేషన్ సమయంలోనే గొట్టానికి అంటుకుంటాయి. మూడేళ్ల కింద షంటు పెట్టిన బిడ్డకు జలుబుతో జ్వరం వస్తే అది చాలావరకు జలుబే. ఆరు వారాల కింద పెట్టిన బిడ్డకు వస్తే, గాయం ఎర్రబడినా పడకపోయినా మేము చూడాలి.

పరిష్కారం: కల్చర్ (ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్ష) తీసేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దని బయటి క్లినిక్ వాళ్లకు చెప్పండి. బిడ్డ విషమంగా ఉంటే మాత్రం ఆపకూడదు. ఇన్ఫెక్షన్ తేలితే మాత్రలతో పోదు. షంటు తీసేసి, నీరు బయటికి పోయేలా డ్రెయిన్ గొట్టం పెట్టి, నరం ద్వారా మందులిచ్చి, నీరు శుభ్రమయ్యాక కొత్తది పెట్టాలి. కుటుంబం రెండు మూడు వారాలు ఆస్పత్రిలో ఉండాల్సి వస్తుంది. ఆ మాట మొదటి రోజే చెప్పండి. ఉద్యోగానికి సెలవు పెట్టుకోవాలి, ఇంట్లో ఇంకో బిడ్డను ఎవరైనా చూసుకోవాలి. నివారణ సాధ్యమే: హైడ్రోకెఫలస్ క్లినికల్ రీసెర్చ్ నెట్‌వర్క్ ఆస్పత్రులు థియేటర్‌లో అందరూ ఒకే క్రమం పాటించడం మొదలుపెట్టాక ఇన్ఫెక్షన్లు 8.8 శాతం నుంచి 5.7 శాతానికి తగ్గాయని 2011లో ప్రకటించాయి.

సమస్య: లేచి తిరిగితే తలనొప్పి, పడుకుంటే హాయి

నీరు అవసరానికి మించి దిగుతోంది. చిన్నపిల్లల్లో మాడు గుంటపడుతుంది. ప్రోగ్రామబుల్ వాల్వయితే మీద అయస్కాంత పరికరం పెట్టి నీరు తక్కువ దిగేలా సెట్టింగు ఒక మెట్టు పెంచుతాం, ఒకేసారి రెండు మెట్లు కాదు. అంతకుముందు స్కాను చూడండి, మెదడు పొర కింద రక్తం చేరి ఉండవచ్చు. స్ట్రాటా లాంటి వాల్వు ఉన్న బిడ్డకు ఏ కారణంతో ఎంఆర్‌ఐ తీసినా, అయిన వెంటనే సెట్టింగు సరిచూసి గాని ఇంటికి పంపకండి. మోకాలికి తీసిన ఎంఆర్‌ఐ అయినా సరే, ఆ అయస్కాంతానికి సెట్టింగు మారిపోవచ్చు.

సమస్య: కడుపు ఉబ్బరం, కడుపునొప్పి

ముందు మలబద్ధకం ఉందేమో చూడండి. వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లల్లో ఇది చాలా మామూలు. పొట్టలో ఒత్తిడి పెరిగితే నీరు కిందికి దిగక షంటు చెడినట్టే లక్షణాలు వస్తాయి. విరేచనం సాఫీగా అయ్యాక తలనొప్పి తగ్గిన పిల్లల్ని చూశాను. తగ్గకపోతే అల్ట్రాసౌండ్ చేయించాలి: గొట్టం కొస చుట్టూ నీటి సంచి ఏర్పడి ఉండవచ్చు, దాని వెనక తరచుగా ఇన్ఫెక్షన్ ఉంటుంది.

సమస్య: ఆపరేషన్ గాయం దగ్గర దిండు తడిసింది

రంగు లేని నీరైతే మెదడు నీరే అనుకోండి. ఇంట్లో ఇంకో ప్లాస్టర్ వేసి చూడమని చెప్పవద్దు. నీరు బయటికి వచ్చే దారి సూక్ష్మజీవులకు లోపలికి వెళ్లే దారి కూడా. ఫోటో పంపమనండి, అదే రోజు రమ్మనండి. ఒక కుట్టుతో పోవచ్చు, లోపల పీడనం పెరిగి ఉంటే అసలు సమస్య అక్కడ ఉంటుంది.

సమస్య: మెదడు వెనక భాగంలో గడ్డ తీసిన తర్వాత బిడ్డ మాట్లాడడం మానేసింది

ఆపరేషన్ అయిన సాయంత్రం “అమ్మా, నీళ్లు” అన్న బిడ్డ, ఒకటి రెండు రోజులకు ఒక్క మాటా పలకదు. ఊరికే ఏడుస్తుంది, మింగలేదు, మెడ నిలపలేదు. తల్లిదండ్రులు బిడ్డ అలిగిందేమో, భయపడిందేమో అనుకుంటారు. చిన్నమెదడు నుంచి పైకి వెళ్లే మార్గాలు దెబ్బతినడం వల్ల వచ్చే స్థితి ఇది. మెడుల్లోబ్లాస్టోమా అనే చిన్నమెదడు క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి వస్తుంది.

ముందుగా నీరు చేరలేదని, రక్తస్రావం కాలేదని, రక్తంలో సోడియం పడిపోలేదని నిర్ధారించుకోండి. తర్వాత స్పీచ్, ఫిజియోథెరపీ వాళ్లను పిలవండి. మాటలు చాలామందికి వారాల్లో, నెలల్లో తిరిగి వస్తాయి, మొదట్లో నెమ్మదిగా, సాగదీసినట్టు. నాకు తెలిసిన అతి ముఖ్యమైన వైద్యం మాత్రం ఆపరేషన్‌కు ముందు రోజే జరగాలి: ఇలా జరగవచ్చని తల్లిదండ్రులకు చెప్పి ఉండడం. చెప్పని కుటుంబం ఆ మౌనాన్ని ఒంటరిగా మోయడం ఒకసారి చూశాను. అప్పటి నుంచి ఆ మాట చెప్పకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు.

సమస్య: రాత్రి రెండు గంటలు, సర్జన్‌ను లేపాలా వద్దా అని తటపటాయింపు

ఇది మన సమస్య. డాక్టరు అడిగితేనే చెప్పాలి, నర్సు అభిప్రాయం చెప్పకూడదు అన్న పద్ధతిలో మనలో చాలామందిమి తయారయ్యాం. అందుకే ఫోను చేసినా వాంతి లెక్కలతో మొదలుపెట్టి, అసలు మాట చివరికి తెస్తాం. అప్పటికి అవతలి మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటారు.

ముగింపును ముందుకు తెండి: “డాక్టర్, ఏడేళ్ల పాప షంటు మూసుకుపోయిందని అనుకుంటున్నాను. మీరు రావాలి. మగతగా ఉంది, చూపు పైకి లేవడం లేదు, పాత స్కానుతో పోలిస్తే గదులు పెరిగాయి.” ఆ తర్వాత ఆగండి. అనుమానం తప్పయితే సర్జన్‌కు ఒక గంట నిద్ర పోతుంది, అంతే.

సమస్య: “ఎండాకాలం సెలవులకు ఇండియా వెళ్తున్నాం”

వద్దనకండి. అమ్మమ్మ ఊరు చూడడం బిడ్డ హక్కు. ఒక కాగితం మీద వాల్వు పేరు, ఇప్పటి సెట్టింగు, చివరి ఆపరేషన్ తేదీ, చెడినప్పుడు ఈ బిడ్డలో మొదట కనిపించే లక్షణం రాసివ్వండి. బాగున్నప్పటి స్కాను సీడీలోనూ, తల్లి ఫోనులోనూ ఉండాలి. హైదరాబాద్‌లోగాని విజయవాడలోగాని పిల్లల న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి ఏదో, అక్కడ ఆ వాల్వు సెట్టింగు మార్చే పరికరం ఉందో లేదో బయల్దేరే ముందే ఫోను చేసి కనుక్కోమనండి. ఊరి నుంచి అక్కడికి కారులో ఎన్ని గంటలో కూడా అడిగి, అదే కాగితం మీద రాయండి.