జిప్సీకి డీజిల్ ఇంజన్ ఎక్కిస్తున్నారా? క్లచ్ ముందు తేల్చుకోండి

మారుతీ జిప్సీ 1.3 ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజన్ టార్కు (తిప్పే బలం) 103 న్యూటన్ మీటర్లు. దాని స్థానంలో చాలామంది ఎక్కించాలనుకునే 1.3 డీడీఐఎస్ డీజిల్‌ది 190. పైగా కోనసీమ చెరువుగట్ల మీద ఒండ్రుమట్టి తడిసిందంటే బండి సగం క్లచ్ మీదే పాకాలి. పాత క్లచ్ బిగిస్తే మొదటి వానాకాలానికే ప్లేటు మాడి వాసనొస్తుంది. ఇంజన్ మార్పుకు ఆర్టీవో అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. ఆ పని ముందే చూసుకోండి.

క్లచ్ ప్లేటు రెండిళ్ల చుట్టం. దాని బయటి సైజు ఇంజన్ చివర తిరిగే బరువు చక్రం ఫ్లైవీల్‌కీ, ప్లేటును దానికి నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటుకీ సరిపోవాలి, నడుమ ఉన్న బోసు (షాఫ్టు దూరే గుబ్బ) పళ్లు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టుకి సరిపోవాలి. అందుకని ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు కొత్త ఇంజన్‌వే ఉంచి, ప్లేటు ఒక్కటే వెతకండి. షాఫ్టు పళ్లు లెక్కపెట్టి, వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలవండి. పళ్ల సంఖ్య కలిసినా వ్యాసం కలవకపోవచ్చు. ప్లేటును షాఫ్టు మీద తొడిగి చూశాకే డబ్బివ్వండి: సాఫీగా జారాలి, ఊగకూడదు. సరిపోయేది దొరక్కపోతే ఇంజన్ ప్లేటుకి జిప్సీ బోసు రివెట్ చేయించుకోవచ్చు. అప్పుడు అంచు దగ్గర వంకర 0.8 మిల్లీమీటర్లు దాటితే తీసుకోవద్దు, క్లచ్ సరిగా వదలదు.

టార్కు లెక్క ఇలా వేసుకోండి: ఘర్షణ గుణకం × ప్రెజర్ ప్లేటు ఒత్తిడి × రెండు ముఖాలు × సగటు వ్యాసార్థం (మీటర్లలో). బయట 200, లోపల 130 మిల్లీమీటర్ల ప్లేటు, 4,000 న్యూటన్ల ఒత్తిడి, గుణకం 0.28 అనుకుంటే వచ్చేది 185 న్యూటన్ మీటర్లు. 190 ఇంజన్‌కి అది జారుతుంది. 215, 145 సైజుకి 4,900 న్యూటన్లు పెడితే 247, అంటే ఇంజన్ టార్కుకి 1.3 రెట్లు. ఈ నేలకి ఆ మిగులు ఉండాలి. టైర్లు 205/70 ఆర్ 15 నుంచి 235/75 ఆర్ 15కి మారిస్తే చక్రం వ్యాసం దాదాపు పదో వంతు పెరిగి, క్లచ్ మీద భారం కూడా అంతే పెరుగుతుంది.

అలాగని సిరామిక్ బటన్ల ప్లేటు జోలికి వెళ్లకండి. అది ఒక్కసారిగా పట్టేస్తుంది. బురదలో నెమ్మదిగా వదలడం కుదరదు, ఆ కుదుపు 103 టార్కుకి తయారైన గేర్లూ యాక్సిల్ షాఫ్టులూ మింగాలి. మామూలు లైనింగే, సైజు పెంచి వాడటం మేలు. ఇంజన్‌తో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (అదురు మింగే స్ప్రింగులు తనలోనే ఉన్న రెండు ముక్కల చక్రం) వస్తే దాని జోడు ప్లేటుకి స్ప్రింగులు ఉండకపోవచ్చు. ఆ ప్లేటును మామూలు ఫ్లైవీల్‌కి వేస్తే డీజిల్ అదురంతా గేర్‌బాక్స్‌కి పోయి, ఐడిలింగ్‌లోనే గలగలమంటుంది. మామూలు ఫ్లైవీల్‌కి స్ప్రింగుల ప్లేటే వేయాలి.

ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే ఎడాప్టర్ ప్లేటు దగ్గర పని చాలాసార్లు చెడుతుంది. దాని మందం ఎంతో అంత గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది. షాఫ్టు ముక్కు క్రాంక్ చివరనున్న పైలట్ బేరింగ్‌లోకి సరిగా దిగుతోందా, పెడల్ తొక్కితే ముందుకొచ్చే రిలీజ్ బేరింగ్ ప్రెజర్ ప్లేటు వేళ్లకి అందుతోందా అన్నది బిగించకముందే కొలిచి తేల్చుకోవాలి. బేరింగ్ ముఖం వేళ్ల కొసల వలయానికి సరిపోవాలి. క్రాంక్ మీద డయల్ గేజి పెట్టి బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) నడిమి రంధ్రం చుట్టూ తిప్పితే తేడా 0.15 మిల్లీమీటర్ల లోపు రావాలి. అంతకు మించితే బోసు చీలుతుంది, గేరు జారుతుంది. వరుస తప్పకుండా నిలిపే డోవెల్ పిన్నులు లేకుండా ఉత్త బోల్టుల మీద నిలపకండి.

జిప్సీది కేబుల్ క్లచ్. గట్టి ప్రెజర్ ప్లేటుకి పెడల్ బరువెక్కి కేబుల్ తెగుతుంది, కాబట్టి హైడ్రాలిక్‌కి మార్చండి. లోపలి వ్యాసం పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌ది 15.87, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్‌ది 19.05 మిల్లీమీటర్లైతే మాస్టర్ 28 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్లేవ్ సుమారు 19 కదులుతుంది. రిలీజ్ బేరింగ్‌ని తోసే మీ ఫోర్కుకి అది చాలుతుందో లేదో చూసుకోండి.

బెల్ హౌసింగ్ అడుగున నీళ్లు పోయే రంధ్రం మూసేయకండి, ఎడాప్టర్‌లోనూ ఒకటి పెట్టించండి. షాఫ్టు పళ్లకి వేడికి కరగని గ్రీజు పలచగా పూయండి, ఎక్కువైతే లైనింగు మీదికి చిమ్ముతుంది. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు తగిలిన బండిని అలాగే నిలిపేస్తే ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుపోతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కింద కడిగి, ఓ పది నిమిషాలు నడిపి ఆరనిచ్చాకే ఆపండి.