మోల్ లెక్క తప్పిందా? ఎన్ని రెట్లు తప్పిందో ముందు చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తాను. మోల్ అంటే డజను లాంటి లెక్కే: డజనుకు 12, మోల్‌కు 6.022 × 10²³ కణాలు. మోల్ లెక్క తప్పిందంటే చాలు, మొత్తం కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేస్తారు. అదే తప్పు మళ్లీ వస్తుంది. అప్పుడు "కీ తప్పిచ్చిండ్రు సార్" అంటారు. కొట్టేసే ముందు ఒక్క పని చేయండి: మీ జవాబును కీలోని జవాబుతో భాగించండి. తప్పు ఎక్కడుందో చాలాసార్లు ఆ నిష్పత్తిలోనే దొరుకుతుంది.

సరిగ్గా 1000 రెట్లు తేడా

కారణం: మిల్లీగ్రాములను గ్రాములుగా మార్చలేదు.

జ్వరం గోలీనే తీసుకోండి. 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్, మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ ఎన్ని గ్రాములో ఆ లెక్క) 151. చాలామంది 650 ÷ 151 చేసి 4.3 మోల్‌లు అంటారు. పక్కన ప్రమాణం రాసి ఉంటే ఆ తప్పు జరగదు:

650 మి.గ్రా. × (1 గ్రా. ÷ 1000 మి.గ్రా.) × (1 మోల్ ÷ 151 గ్రా.) = 0.0043 మోల్

మి.గ్రా., గ్రా. రెండూ కొట్టుడుపోయి మోల్ ఒక్కటే మిగిలింది. దాన్ని 6.022 × 10²³ తో గుణిస్తే 2.6 × 10²¹ అణువులు.

ఒకసారి "తులం మేలిమి బంగారంలో ఎన్ని పరమాణువులు?" అని ఇచ్చాను. బంగారం మోలార్ ద్రవ్యరాశి 197. ఒకరికి 3.06 × 10²² వచ్చింది, ఇంకో అమ్మాయికి 3.56 × 10²². ఇద్దరి లెక్కా కరెక్టే! మొదటివాడిది ఇప్పటి షాపుల తులం, 10 గ్రాములు. ఆ అమ్మాయిది వాళ్ల నానమ్మ తులం, 11.66 గ్రాములు. తులమంటే ఎన్ని గ్రాములో చెప్పకుండా అడిగినందుకు ఆ తప్పు నా ఖాతాలో వేసుకున్నాను.

జవాబులో 10⁴⁷ లాంటిది కనిపించింది

కారణం: భాగించాల్సిన చోట గుణించారు.

3.011 × 10²³ నీటి అణువులు ఎన్ని మోల్‌లు? అర మోల్. గుణించినవాళ్లకు 1.8 × 10⁴⁷ వస్తుంది, పక్కన ధైర్యంగా "మోల్‌లు" అని కూడా రాస్తారు. భూమ్మీద సముద్రాలన్నిటిలో ఉన్న నీటిని అణువుల లెక్కన చూసినా సుమారు 4.7 × 10⁴⁶ మాత్రమే. విడి గాజులను డజన్లు చేయాలంటే 12 తో భాగిస్తాం కదా, ఇదీ అంతే.

పాత పుస్తకాల్లో 6.023 ఉంటుంది. 2019 మే 20 నుంచి మోల్ నిర్వచనమే 6.02214076 × 10²³. ఆ తేడాకు టెన్షన్ అక్కర్లేదు.

2 రెట్లు, 3 రెట్లు, లేదా సగం

ఎక్కువమంది పడేది ఇక్కడే. కారణం: దేన్ని లెక్కపెడుతున్నారో రాయలేదు. ఇందులో మన భాష తప్పు కూడా కొంత ఉంది. అణుబాంబు, అణువిద్యుత్ అని రోజూ వింటాం, ఇక్కడే ఈసీఐఎల్ దగ్గర అణు ఇంధనం తయారయ్యే సంస్థ ఉంది. వాటన్నిటిలో "అణు" అంటే పరమాణువుకు సంబంధించినదే. పుస్తకం తెరిస్తే మాత్రం అణువు (మాలిక్యూల్) వేరు, పరమాణువు (ఆటమ్) వేరు. పరీక్ష కంగారులో పిల్లల కన్ను "పరమ" ను దాటేస్తుంది.

లాడ్ బజార్‌లో డజను జతలు కొంటే చేతికొచ్చేవి 24 గాజులు. ఆక్సిజన్ వాయువు అలాంటిదే: 32 గ్రాముల్లో అణువులు ఒక మోల్, పరమాణువులు రెండు మోల్‌లు. 36 గ్రాముల నీటిలో అణువులు 2 మోల్‌లు, హైడ్రోజన్ పరమాణువులు 4, మొత్తం పరమాణువులు 6.

సరిచేయడం: ఉత్త "2 మోల్‌లు" అని వదిలేయకండి. "2 మోల్‌ల నీటి అణువులు" అని రాయండి. ప్రశ్నలో ఆ పదం కింద గీత కూడా గీయండి.

సుమారు 1244 రెట్లు

ద్రవ నీటికి 22.4 లీటర్లు వాడారు. 18 మిల్లీలీటర్ల నీరంటే దాదాపు 18 గ్రాములు, అంటే ఒక మోల్. మోల్‌కు 22.4 లీటర్లనేది వాయువులకే, అదీ 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గరే. పీడనం 1 బార్ అంటే 22.7. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, పీడనం సుమారు 0.95 బార్. 30 డిగ్రీల రోజున ఇక్కడ ఒక మోల్ వాయువుకు 26.5 లీటర్లు కావాలి.

1.56 రెట్లు

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్ స్ఫటికం) లెక్క అయి ఉంటుంది. స్ఫటికంలోని ఐదు నీటి అణువులను వదిలేశారు. 159.6 కాదు, 249.7 తో భాగించండి.

వీటిలో ఏదీ కాదు, లేదా సరిచూసినా తప్పు దొరకలేదు

అప్పుడు కీని అనుమానించండి. పోయినేడు ఒక మెటీరియల్‌లో క్లోరిన్ వాయువుకు 71 బదులు 35.5 వేసి కీ ఇచ్చారు. పిల్లలందరికీ సరిగ్గా సగం వచ్చింది. "అణువు, పరమాణువు చూసుకోండ్రా" అని పావుగంట క్లాసు పీకాక, బోర్డు మీద నేనే చేసి చూపించబోతే నాకూ సగమే వచ్చింది.